గుంజా - తాళ్ళూ

బాలలారా! ముందుగా ఒక చిన్న పరీక్ష చెయ్యండి. లేచి నిటారుగా నిలబడి, అరచేతిని బొడ్డుకు కిందుగా పొట్టమీద ఆనించండి. ఇప్పుడు ఒక్కసారి గట్టిగా దగ్గండి. చేతికింద పొట్ట తటాలున బిగుసుకున్నది, గమనించారా? బిగుసుకొమ్మని దానికి మీరు చెప్పలేదు. తనంతట తానే బిగిసింది. ఆ కండరాలను గురించే ఈ నెల చెప్పుకుందాం.

మన వెన్ను ఒకే ఎముక కాదు. మెడలో 7, వీపులో 12, నడుములో 5, మొత్తం 24 పూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాయి. వీపు పూసలకు పక్కటెముకల ఆసరా ఉన్నది. కాని నడుములోని 5 పూసలకు ముందు గాని, పక్కల గాని ఏ ఎముకా అడ్డు లేదు. పైగా తల, చేతులు, ఛాతీ, అన్నిటి బరువూ వాటిమీదనే పడుతుంది. మరి ఆ పూసలు పక్కకు ఒరిగిపోకుండా ఎలా నిలుస్తున్నాయి?

పెళ్ళిలో షామియానా వెయ్యడం మీరు చూసే ఉంటారు. గుంజ ఎంత లావుదైనా తనకు తాను నిలబడదు. నాలుగువైపులా తాళ్ళు లాగి మేకులకు కడతారు. ఒకవైపు తాడు వదులైతే గుంజ రెండోవైపుకు వాలిపోతుంది. మన వెన్ను గుంజ అయితే, నడుము చుట్టూ ఉన్న కండరాలు తాళ్ళు. ముందువైపున ఛాతీనుంచి కిందికి దిగే నిలువు కండరాలున్నాయి. పక్కల ఏటవాలు కండరాలున్నాయి. వెనక వెన్ను వెంబడి సాగేవి ఉన్నాయి. అన్నిటికన్న లోపల, పొట్టను నడికట్టులాగా చుట్టుకుని అడ్డు కండరం ఉన్నది. పైన మూతలాగా, మనం ఊపిరి పీల్చడానికి తోడ్పడే ఉదరవితానమూ, కింద అడుగులాగా కటి కండరాలూ ఉన్నాయి.

ఈ నడికట్టు కండరాన్ని గురించి ఒక వింత సంగతి ఉన్నది. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కొందరిని నిలబెట్టి, చెయ్యి చటుక్కున పైకెత్తమన్నారు. చేతిని ఎత్తే కండరం పని మొదలుపెట్టకముందే పొట్టలోని ఈ కండరం బిగుసుకున్నది! నడుమునొప్పితో బాధపడేవారిలో మాత్రం అది ఆలస్యంగా బిగిసింది. ఈ సంగతి 1996లో ప్రకటించారు. చూశారా, చెయ్యి కదలాలంటే ముందు నడుము నిలవాలి. ఏదైనా పనికి పూనుకోవడాన్ని మనవాళ్ళు "నడుం బిగించడం" అన్నారు. ఎంత చక్కని మాట!

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 1994లో నాకు బదిలీ అయినప్పుడు, పుస్తకాలు నింపిన ట్రంకుపెట్టెను నేనే బండిలోకి ఎక్కించబోయాను. కాళ్ళు నిలువునా ఉంచి, ముందుకు వంగి, చేతులు చాచి ఒక్క గుంజు గుంజాను. నడుములో కలుక్కుమన్నది. పెట్టె అక్కడే ఉన్నది, నేను మాత్రం కూలబడ్డాను. అప్పుడు హమాలీ ఒకతను వచ్చి, "మేష్టారూ, బరువు అంత దూరాన పెట్టుకుని లేపితే నడుమేం కావాలండీ? ఒంటికి దగ్గరగా తీసుకోవాలి. మోకాళ్ళు వంచి, పొట్ట బిగించి, తొడల బలంతో లేవాలి," అన్నాడు. అలాగే చేసి చూపాడు. అతను నాకన్న బక్కపలచని మనిషి! నేను మూడు వారాలు మంచం దిగలేదు.

ఈ కండరాలకు బలం వస్తే పరుగు, కబడ్డీ, బంతి విసరడం, అన్నీ బాగుపడతాయి. తరగతిలో గూని పడకుండా కూర్చోగలుగుతారు. అయితే ఒక భ్రమ వదులుకోండి. ఈ కసరత్తువల్ల పొట్టమీది కొవ్వు ఒక్కటే కరిగిపోదు. అద్దంలో కండలు చూసుకోవడం కోసమూ కాదు. వెన్నును నిలబెట్టడం కోసం.

ఇక మూడు తేలిక కసరత్తులు. మొదటిది పలక. బోర్లా పడుకుని, ముంజేతులమీదా కాలివేళ్ళమీదా ఒంటిని లేపి, నడుము కిందికి జారకుండా పదంకెలు లెక్కపెట్టండి. రెండోది, మోకాళ్ళూ అరచేతులూ నేలకు ఆన్చి, కుడిచెయ్యి ముందుకూ ఎడమకాలు వెనక్కూ చాచండి. వీపుమీద నీళ్ళగ్లాసు ఉన్నట్టూ, అది ఒలక్కూడనట్టూ ఊహించుకోండి. తరవాత చెయ్యీ కాలూ మార్చండి. మూడోది వంతెన. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తండి. ఒక్కొక్కటి మూడేసిసార్లు చాలు. ఊపిరి బిగబట్టవద్దు. నొప్పి పుడితే ఆపెయ్యండి.

పెద్దలకు రెండు మాటలు. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలనీ, వారానికి కనీసం 3 రోజులు కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే పని ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. చెట్లెక్కడం, తాడాట కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బడిసంచి బరువు పిల్లవాడి బరువులో పదోవంతు మించకూడదని మన ప్రభుత్వ విధానం కూడా 2020లోనే వచ్చింది. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలన్నమాట. ఇవాళ ఒకసారి సంచిని తూచి చూడండి. నడుమునొప్పి తగ్గకుండా ఉన్నవారు కసరత్తుకు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

బాలలారా! ఈ సాయంత్రం అమ్మనూ నాన్ననూ పక్కన కూర్చోబెట్టుకుని పలక వేసి చూపించండి. వాళ్ళచేత కూడా వేయించండి. ముందు ఎవరి నడుము వణుకుతుందో చూడండి!

ఆనాడు పెట్టె ఎక్కించినందుకు హమాలీకి కూలి ఇచ్చాను గాని, పాఠం చెప్పినందుకు గురుదక్షిణ ఇవ్వలేదు. ఆ పాఠాన్ని మీకు అప్పగించి ఈనాటికి ఆ బాకీ తీర్చుకుంటున్నాను.