పాత వాషరును చూడక క్రొత్త ఫిల్టరు బిగింపరాదు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల రైతు సోదరులు నేడు ట్రాక్టరునే కాడియెడ్లుగా నమ్ముకొనియున్నారు. ఆయిలు మార్చునపుడు, త్రిప్పి బిగించు ఫిల్టరును విప్పగా, దాని రబ్బరు వాషరు వేడికి ఇంజనునకే యంటుకొని నిలిచిపోవుట కలదు. అది చూడక క్రొత్తది బిగించినచో వాషరుపై వాషరు పడి, ఒత్తిడికి జారి, నిమిషములలో ఆయిలు కారిపోవును, బేరింగులు చెడును. కరిగెట నడుమ బండి నిలిచినచో నాటుకూలీల నెవరు నిలుపగలరు?

విప్పిన ఫిల్టరునకు వాషరున్నదో లేదో చూచి, బిగించుచోటును గుడ్డతో తుడిచి, క్రొత్త వాషరునకు ఆయిలు పూసి, చేతితోనే బిగింపవలయును. పానాతో మిక్కిలి బిగించినదే మరల అంటుకొనును. పిమ్మట ఇంజను నడిపి, కారుట లేదని చూడవలయును.

పాత వాషరును యజమానికి చూపనిదే క్రొత్త ఫిల్టరు బిగింపరాదని ప్రతి సహకార సంఘమును నియమము చేసికొనుట మేలని మా యభిప్రాయము. కూలి యిచ్చితిమని దూరముగా నిలుచుట యజమానికి తగదు.