నాలుగో స్థానం ఎందుకు ఖాళీ?

అమలాపురమైనా రాజోలైనా, హాస్టల్ టీవీ ముందు సన్‌రైజర్స్ ఓడితే తిట్లన్నీ కెప్టెన్‌కే. నా దృష్టిలో 2022 సీజన్‌ను పోగొట్టింది యాజమాన్యం. అదీ 2021 నవంబరు 30న, ఆటగాళ్లను అట్టిపెట్టుకునే గడువు రోజునే.

నిబంధన ప్రకారం నలుగురిని ఉంచుకోవచ్చు. వీరు విలియమ్సన్ (14 కోట్లు), సమద్, ఉమ్రాన్ మాలిక్ (చెరో 4 కోట్లు) దగ్గరే ఆగిపోయారు. మన జట్టుకు 76 మ్యాచ్‌లలో 93 వికెట్లు తీసిన రషీద్ ఖాన్ చేజారాడు. మొదటి స్థానం ఎవరిదన్న దగ్గర బేరం తెగలేదని పత్రికలు రాశాయి. ఎవరిని ముందు రాసినా ఇద్దరికీ అయ్యేది 24 కోట్లే కదా!

తర్వాత వేలంలో పూరన్‌కు 10.75 కోట్లు పోసి, ఏడాదికే వదిలేశారు. లెగ్ స్పిన్నర్‌గా శ్రేయస్ గోపాల్‌ను 75 లక్షలకు తెచ్చారు. రషీద్ గుజరాత్ చేరి, తొలి ఏడాదే కప్పు గెలిచాడు. మనది ఎనిమిదో స్థానం.

ఉమ్రాన్ కోసమే రషీద్‌ను వదిలారని కొందరు సీనియర్ల వాదన. జమ్మూలో పండ్లమ్మే తండ్రి కొడుకును నమ్మడం మంచి పనే, ఆ సీజన్‌లో 22 వికెట్లు తీశాడు కూడా. అయితే లెక్క చూడండి: నలుగురికీ 32 కోట్లు, 90లో ఇంకా 58 మిగిలేవి.