ప్రాణం నిలిస్తే చాలునా? చూపు మాటేమిటి?

బిచ్కుంద నుండి ఒక యువకుడు తన తల్లిని చేయి పట్టుకుని నా వద్దకు తీసుకువచ్చాడు. ఆరు నెలల క్రితం కంది చేనులో ఆమె "తల పగిలిపోతోంది" అంటూ కుప్పకూలింది. మెదడులో బుడగలా ఉబ్బిన రక్తనాళం చిట్లింది. పట్నంలో శస్త్రచికిత్స చేసి ప్రాణం నిలిపారు. తెలివి వచ్చాక ఆమెకు మిగిలింది చీకటే. "మెదడు దెబ్బతిన్నది, చూపు ఇంతే" అని చెప్పి పంపారట. డిశ్చార్జి కాగితాలన్నీ చదివాను. కంటి పరీక్షను గురించి ఒక్క పంక్తి లేదు.

దీనిని విధిరాత అనడానికి నేను ఒప్పుకోను. ఇది మా వైద్యుల నిర్లక్ష్యం.

నాళం చిట్లగానే పుర్రెలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అది దృష్టినాడి చుట్టూ ఉన్న తొడుగు గుండా కంటికి చేరి, రెటీనాలోని సన్నని రక్తనాళాలను చిట్లిస్తుంది. రక్తం కంటిలోని జెల్లీలో నిండి తెరలా అడ్డుపడుతుంది. పైకి కన్ను తెల్లగానే కనిపిస్తుంది! ఇలా మెదడు చుట్టూ రక్తస్రావమైనవారిలో నూటికి పదిమందికి పైగా కంటిలోపల కూడా రక్తస్రావం జరుగుతుంది. 1881లో లిట్టెన్, 1900లో టెర్సన్ వర్ణించిన స్థితి ఇది. నూరేళ్లు దాటినా మనకింకా కొత్తేనా?

"కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే మెదడు పరిస్థితి కనిపెట్టలేము" అంటారు. తొలి రోజులకు ఆ మాట న్యాయమే. ఇంటికి పంపే రోజున కూడా అదే సాకా? మూసిన రెప్పపై చేసే అల్ట్రాసౌండ్‌కు చుక్కలే అవసరం లేదు కదా!

కొందరిలో ఆ రక్తం కొన్ని నెలల్లో దానంతటదే కరుగుతుంది. కరగకపోతే, ముఖ్యంగా రెండు కళ్లకూ తెర పడితే, విట్రెక్టమీ అనే శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. అందరికీ చూపు వస్తుందని నేననను. నిజంగా మెదడో, దృష్టినాడో దెబ్బతిన్నవారూ ఉంటారు. ఆ తేడా తేల్చేది కంటి పరీక్షే.

ఆ తల్లిని రెటీనా నిపుణుల వద్దకు పంపాను. ఒక కన్ను కొడుకు ముఖాన్ని మళ్లీ చూసింది. రెండో కంటిలో అప్పటికే రెటీనాపై పొర కట్టి చూపు సరిగా రాలేదు.

పాఠకులారా! మీవారిని ఇంటికి తెచ్చుకునే ముందు గట్టిగా అడగండి: "కన్ను లోపల చూశారా? చూస్తే కాగితం మీద రాయండి." అడగడం మీ హక్కు. మీరు అడగకముందే రాయడం మా ధర్మం.