రోటరీ ఇంజినుకు గొట్టాలే ఆయువుపట్టు

పలమనేరు: జిల్లా సరిహద్దు దాటి ముళబాగిలు మీదుగా వెళితే వచ్చే కోలారులో 2009 మార్చి 29న మానవరహిత విమానం ‘నిశాంత్’ స్వదేశీ ఇంజినుతో తొలిసారి గాలిలోకి లేచింది. 55 అశ్వశక్తి గల ఆ వాంకెల్ రోటరీ ఇంజిను బరువు సుమారు 30 కిలోలు. నాటి అహ్మద్‌నగర్‌లోని రక్షణ వాహన పరిశోధన సంస్థ, బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ కలిసి దానిని రూపొందించాయి. సైన్యానికి అందిన నిశాంత్‌లు ఒక్కొక్కటే కూలిపోగా, 2015లో ఆ అధ్యాయం ముగిసింది. ఆ ప్రమాదాలకు ఇంజినే కారణమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయితే ఇంజినును సొంతంగా తయారుచేసుకోవాలన్న చర్చ మళ్లీ ఊపందుకుంది. 2025 స్వాతంత్య్ర దినోత్సవ ప్రసంగంలో ప్రధాని జెట్ ఇంజిన్ల గురించి పిలుపునిచ్చారు. చిన్న డ్రోన్ల ఇంజిన్ల సంగతి మాత్రం అంతగా ప్రస్తావనకు రావడం లేదు. ఉక్రెయిన్‌పై 2022 నుంచి విరుచుకుపడుతున్న ఇరాన్ రకం డ్రోన్లలో చిన్నదైన షాహెద్-131ను నడిపేది సైతం రోటరీ ఇంజినే.

(మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల్లో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటే తిరిగే ఇంజిన్లనూ రోటరీ అనేవారు. అవి వేరు, ఇవి వేరు.)

వాంకెల్ ఇంజినులో పిస్టన్లు, వాల్వులు ఉండవు. అండాకారపు గదిలో మూడు మూలల రోటరు తిరుగుతూ, గాలి వచ్చే ద్వారాన్నీ పొగ పోయే ద్వారాన్నీ తానే తెరుస్తుంది, తానే మూస్తుంది. తక్కువ బరువుతో ఎక్కువ శక్తి రావడానికి ఈ నిరాడంబరతే కారణం. చిక్కు కూడా ఇక్కడే ఉంది. పొగ ద్వారం ఒక్కసారిగా తెరుచుకోవడంతో మండుతున్న వాయువు దెబ్బ కొట్టినట్లు బయటకు దూకుతుంది. ఆ దెబ్బ పీడన తరంగమై గొట్టం చివరికి చేరి, అక్కడినుంచి చూషణ తరంగంగా వెనుదిరుగుతుంది. ద్వారం మూసుకోకముందే అది వచ్చి చేరితే గదిలో మిగిలిన పొగను లాగివేస్తుంది, కొత్త గాలికి చోటిస్తుంది. వేళ తప్పితే అదే గొట్టం ఇంజినుకు శత్రువవుతుంది.

గాలి పీల్చే వైపు కూడా ఇదే లెక్క. అక్కడ చూషణ తరంగం బయటి కొసకు వెళ్లి పీడనంగా తిరిగివస్తుంది. ద్వారం మూసుకునే క్షణానికి అది చేరితే గది నిండా మరికాస్త గాలి కూరుకుంటుంది. మీటరు గొట్టంలో సెకనుకు 350 మీటర్ల వేగంతో తరంగం పోయి రావడానికి సెకనులో వెయ్యోవంతులు ఆరుకు కొంచెం తక్కువ పడుతుంది. ఇంజిను నిమిషానికి 6 వేల చుట్లు తిరుగుతుంటే ఆ వ్యవధిలో షాఫ్టు సగం చుట్టు దాటుతుంది. 3 వేల చుట్లకు దిగితే పావు చుట్టును కాస్త మించుతుంది, అంతే. అంటే ఒక పొడవు ఒక వేగానికే నప్పుతుంది. పొగగొట్టంలో వాయువు 900 డిగ్రీల దగ్గర ఉంటే తరంగ వేగం దాదాపు రెట్టింపు, సెకనుకు 670 మీటర్ల వరకు ఉంటుంది. కనుక ఒక వైపు కొలతను రెండో వైపుకు ఎత్తి పెట్టడానికి వీల్లేదు. నాదస్వరానికి రంధ్రాల దూరం ఎంత ముఖ్యమో ఇక్కడ గొట్టం పొడవు అంత ముఖ్యం.

రోడ్డుపై నడిచే కారుకు ఇది పెద్ద తలనొప్పి. 1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బి కారులో, వేగాన్ని బట్టి గాలి గొట్టాల పొడవు దానంతట అదే మారే ఏర్పాటు చేయవలసి వచ్చింది. విమానానికి ఆ అగత్యం తక్కువ. ప్రొపెల్లరు ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతుంది. కాబట్టి పొడవు మారని గొట్టంతోనే పని జరుగుతుంది. మరి ఎత్తుకు వెళితే గాలి పలుచనవుతుంది కదా అన్న సందేహం సహజం. తరంగ వేగం గాలి సాంద్రతను బట్టి కాక ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 10 వేల అడుగుల ఎత్తున బయటి గాలి 15 డిగ్రీల నుంచి మైనస్ 5కు పడిపోయినా వేగంలో తేడా నాలుగు శాతం లోపే. పలుచని గాలి వల్ల శక్తి తగ్గక మానదు గానీ గొట్టం లెక్క మాత్రం పెద్దగా తప్పదు.

చోటు ఎక్కడ?

అసలు పేచీ చోటు దగ్గర. లెక్క ప్రకారం కావలసిన పొడవు చిన్న డ్రోను తోక భాగంలో తిన్నగా ఇమడదు. వంచాలి, చుట్టాలి. పొగగొట్టం సెగ తగలకుండా పక్కనున్న ఇంధనాన్నీ తీగలనూ కాపాడాలి. అంత వేడిని, అంత అదురును మామూలు ఇనుము ఎక్కువ కాలం ఓర్చలేదు. అందుకే సొంతంగా విమానాలు కట్టుకునే విదేశీ ఔత్సాహికులు స్టెయిన్‌లెస్ ఉక్కునో, ఖరీదైన ఇంకొనెల్ లోహాన్నో వాడతారు. పైగా రోటరీ ఇంజిను మోత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. నిఘా కోసం ఎగిరే విమానం తన రాకను తానే చాటుకుంటే ప్రయోజనమేమిటి? సైలెన్సర్ బిగిస్తే తరంగాల లెక్క మారుతుంది, బరువు పెరుగుతుంది. 30 కిలోల ఇంజినుకు రెండు మూడు కిలోలు తోడవడం చిన్న విషయం కాదు.

ఇంత ఉన్నా, స్వదేశీ ఇంజిను అనగానే ప్రకటనల్లో కనిపించేవి అశ్వశక్తి, బరువు మాత్రమే. పరీక్ష బల్లపై తిన్నటి గొట్టాలతో వచ్చిన శక్తి, విమానంలో వంకర గొట్టాలు బిగించాక ఎంత నిలిచిందన్నది కొనే సైన్యానికి తెలియవలసిన సంగతి. ఇంజిను ఒక ఊళ్లో, విమానపు ఒడలు మరో ఊళ్లో తయారైనప్పుడు ఆ గొట్టం బాధ్యత ఎవరిదో ఒప్పందంలోనే తేలాలి. గీత గీసే దశలోనే ఇద్దరూ కలిసి కూర్చోకపోతే మిగిలిన సందులో ఎలాగో దూర్చిన గొట్టమే చివరకు బిగుస్తుంది.