రవిదోషానికి కెంపు ఉంగరమా?

సూర్యుడు మనుషుల మీద ప్రభావం చూపిస్తాడని జ్యోతిష్కులు అంటే ఒక్క విషయంలో నేనూ ఒప్పుకుంటాను. చర్మం విషయంలో. ఇక్కడ సంత్రాగాఛిలో మా పక్కవీధి పెద్దాయన ఒకరు రైల్వేలో ఏళ్ళ తరబడి ఎండలో పట్టాల వెంట తిరిగిన మనిషి. బట్టతల మీద గరుకుగా పొలుసు కట్టిన మచ్చ వస్తే డాక్టరు దగ్గరికి కాక జాతకాలు చూసేవాడి దగ్గరికి వెళ్ళాడు. రవి నీచలో ఉన్నాడట! కెంపు ఉంగరం పెట్టుకోమన్నాడట.

అసలు సంగతి వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ళ తరబడి చర్మకణాల డీఎన్ఏని దెబ్బతీస్తే నుదురు, చెవులు, బట్టతల, చేతుల వెనకభాగం మీద ఇలాంటి మచ్చలు వస్తాయి. ఆక్టినిక్ కెరటోసిస్ అంటారు. తెల్లవాళ్ళలో ఎక్కువ, మెలనిన్ దండిగా ఉన్న మనలో తక్కువ. తక్కువంటే అసలు రావని కాదు. ఒక్కో మచ్చ కాన్సరుగా మారే అవకాశం ఏడాదికి ఒక శాతం లోపే అంటారు. కొన్ని వాటంతటవే మాయమవుతాయి కూడా. ఉంగరాల వ్యాపారం నడిచేది సరిగ్గా ఇక్కడే! తగ్గితే కెంపు ఖాతాలో జమ, తగ్గకపోతే కర్మ ఖాతాలో ఖర్చు. డిఫెన్స్ ఎకౌంట్సులో జీవితమంతా బిల్లులు చూసినవాణ్ణి, ఇలాంటి పద్దుని ఏ ఆడిటరూ పాస్ చెయ్యడు.

డాక్టర్లు ద్రవ నైట్రోజనుతో గడ్డకట్టించి రాల్చేస్తారు. మచ్చలు ఎక్కువుంటే 5-ఫ్లోరోయురాసిల్ క్రీము కొన్ని వారాలు రాయమంటారు. దాంతో చర్మం ఎర్రబడి పుండులా అవుతుంది. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు, చాలామంది అప్పుడే భయపడి మానేస్తారు. మచ్చ గట్టిపడినా, రక్తం కారినా, త్వరగా పెరిగినా ముక్క తీసి పరీక్ష చెయ్యాల్సిందే. సున్నం, జీడిగింజ రసం పెట్టి కాల్చుకుంటే పైది పోయి కింద ఉన్నది దాక్కుంటుంది.

బెంగాలులో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. ఎండ తగలని అరచేతుల్లో, అరికాళ్ళలో గరుకు బొడిపెలు వస్తే సూర్యుణ్ణి వదిలేసి తాగే నీళ్ళని అనుమానించాలి. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్లో డాక్టర్ కె.సి. సాహా ఇలాంటి రోగుల్ని గుర్తించారు. కారణం గొట్టపుబావి నీళ్ళలోని ఆర్సెనిక్. ఇవీ కాన్సరుకి దారితియ్యగలవు. పల్లెల్లో మాత్రం కుష్ఠు అనీ, దేవుడి శాపమనీ రోగుల్ని వెలివేశారు. తప్పు గొట్టపుబావిది, శిక్ష మనిషికి!

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. మరగబెడితే ఆర్సెనిక్ పోదు, మంత్రించినా పోదు. నీళ్ళని లాబుకి పంపించాలి. హద్దు దాటిందని తేలితే అవి తాగడానికే కాదు, అన్నం వండడానికీ పనికిరావు.