డ్రోన్ వెనుదిరిగాక తెగే గట్టు

వరద అంటే మనకిప్పుడు డ్రోన్ దృశ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో మేడలు తప్ప నేల కనిపించని వీడియోలు దేశమంతా తిరిగాయి. చిక్కుకున్నవారికి ఆహారం, మందులు చేర్చడానికీ డ్రోన్లు పనికొచ్చాయి. అస్సాంలోనైతే ఏటా వానాకాలంలో ఇదే వరుస: నేతల ఏరియల్ సర్వే, మునిగిన కాజీరంగా, ఎత్తయిన దిబ్బలపై నిలబడ్డ ఖడ్గమృగాలు. నీరు తీయగానే కెమెరాలు సర్దేస్తారు. చాలా గ్రామాలకు అసలు గండం మొదలయ్యేది అప్పుడే.

బ్రహ్మపుత్ర ఒడ్డు చాలాచోట్ల సన్నని ఇసుక, ఒండ్రు. వరద ఉధృతిలోనూ కోత ఉంటుంది గానీ, నది నిండుగా ఉన్నంతసేపు నీటి ఒత్తిడే గట్టుకు కొంత ఆసరా. మట్టం దిగగానే ఆ ఆసరా పోతుంది. నీరు పీల్చి బరువెక్కిన మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి నదిలో పడుతుంది. ఇలా 1950 నుంచి 4.27 లక్షల హెక్టార్లు నదుల పాలయ్యాయని అస్సాం జలవనరుల శాఖ లెక్క. రాష్ట్ర విస్తీర్ణంలో ఇది 7.4 శాతం. మునిగిన పొలం మళ్లీ తేలుతుంది. కోసుకుపోయింది తేలదు.

అయినా, జాతీయ విపత్తు సహాయ నిధి వర్తించే 12 విపత్తుల జాబితాలో వరద ఉంది, నదీకోత లేదు, సముద్రకోతా లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు ప్రత్యేకంగా సిఫార్సు చేయడం కొంత మేలు. నది దారి మారి భూమి పోయిన చిన్న, సన్నకారు రైతుకు సహాయ నిబంధనల ప్రకారం దక్కేది మాత్రం హెక్టారుకు 47,000 రూపాయలు. అంటే ఎకరాకు 19 వేలు. ఒక పంట పరిహారం కాదిది, భూమి మొత్తానికి! అదీ రెవెన్యూ రికార్డుల్లో పేరుంటేనే. నది మధ్య లంకల్లో తరాలుగా బతుకుతున్న చాలామందికి కాగితాలే లేవు.

టీవీలో చూసిన వీడియో ఇక్కడ అక్కరకు రాదు. ఏటవాలుగా తీసిన దృశ్యంలో దూరాలు కొలవలేం. కోతకు రుజువు ఒక్క ఫొటో కాదు, అదే చోటు మళ్లీ తీసిన రెండో ఫొటో. తీరంలో ఇంకో చిక్కు: ఉప్పాడలో పోటు సమయంలో ఒకరు, ఆటు సమయంలో ఇంకొకరు డ్రోన్ ఎగరేస్తే ఒకే రోజున రెండు తీరరేఖలు కనిపిస్తాయి. అందుకే సుదీర్ఘకాల పోలిక కావాలి. 1990-2018 చిత్రాలను పోల్చిన జాతీయ తీర పరిశోధన కేంద్రం దేశ ప్రధాన భూభాగ తీరంలో దాదాపు 33 శాతం కోతకు గురవుతోందని తేల్చింది. పశ్చిమ బెంగాల్‌లో అది 60 శాతం.

సాంకేతికత లేదనడానికి లేదు. మబ్బుల గుండా చూడగల రాడార్ చిత్రాలతో హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఏటా ముంపు పటాలు ఇస్తోంది. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌ది 12 రోజుల చక్రం. ఇక డ్రోన్ల సంగతంటారా, స్వామిత్వ పథకం కింద 3 లక్షలకు పైగా గ్రామాల్లో ఇళ్ల హద్దులు కొలిచి ఆస్తి కార్డుల దాకా తెచ్చినవి అవే. నిట్టనిలువుగా కిందికి చూస్తూ, హద్దు గుర్తులతో సరిపోల్చి తీసిన చిత్రం ప్రభుత్వానికి అక్కడ పత్రమైంది. కోత ముప్పున్న ఒడ్డుల్లో వానలకు ముందొకసారి, నీరు తీశాక డిసెంబరులో మరోసారి అదే పని చేయించి, ఆ తేడాను నష్టానికి రుజువుగా తీసుకోవాలని సహాయ నిబంధనల్లోనే రాయాలి. పట్టా లేని కుటుంబానికి, ఆ ఇల్లు ఒకప్పుడు అక్కడుందని చూపేది మొదటి చిత్రమొక్కటే కావచ్చు.