తొగరు వేరు, రంగుల జోస్యం

రెండేళ్ల తరువాత అంగడిలో అమ్మకానికి రాబోయే పరదాల రంగు ఈపాటికే నిర్ణయమై ఉంటుంది. వాటిని కొనబోయే ఇల్లాలికి ఆ సంగతి తెలియదు. ఏ దేశంలోనో కొందరు నిపుణులు సమావేశమై, జనుల మనస్సు ఎటు మొగ్గుతున్నదో ఊహించి, దిండు గలీబులకు, దుప్పట్లకు, పింగాణీ పాత్రలకు, గోడల పూతకు తగిన వర్ణాలను ముందుగానే సూచిస్తారు. మిల్లులు ఆ సూచనలను బట్టి సరకు తయారు చేస్తాయి. ఇదీ ఒక విధమైన జోస్యమే. అయితే ఈ జోస్యం చెప్పించుకొనేవారే దానిని నిజం చేసేవారు కూడ కావడం వల్ల అది తప్పిపోయే ప్రమాదం కొంత తక్కువ!

ఈ విద్యకు నూరేళ్లు నిండాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పారిస్ నుంచి ఫ్యాషన్ వార్తలు, జర్మనీ నుంచి అద్దకపు రంగులు సరిగా అందక ఇబ్బంది పడిన అమెరికా బట్టల వర్తకులు సంఘంగా ఏర్పడి, 1915లో తమకంటూ ఒక ప్రామాణిక వర్ణపత్రం తయారు చేసుకొన్నారు. ఇప్పుడు అందరికీ తెలిసినది పాంటోన్ సంస్థ. 2000 సంవత్సరం మొదలు ప్రతి ఏటికీ అది ఒక వర్ణాన్ని ప్రకటిస్తూ వస్తున్నది. 2015కు ఎన్నుకొన్నది ‘మార్సాలా’. ఒక ద్రాక్షాసవం పేరు అది; మట్టి ఛాయ కలిసిన ముదురు ఎరుపు.

ఆ రంగు గుడ్డను బస్తరు సంతలో పరిచి ఉంటే దానిని ఎవరూ కొత్తదనుకొని ఉండరు. జగదల్‌పూర్ ప్రాంతపు పనికా నేతగాళ్లు, అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన ఒడిశాలో ఉన్న కోట్‌పాడ్ పట్టణపు మీర్గాన్ నేతగాళ్లు గిరిజనుల కోసం తరతరాలుగా నేసిన బట్టలకు రెండే రంగులు: ఒకటి నూలు తెలుపు, రెండవది ‘ఆల్’ వేరు ఎరుపు. అంచుల్లో చేప, పీత, తాబేలు, విల్లు, గొడ్డలి బొమ్మలు ఉంటాయి. ఆ చెట్టు తెలుగువారికీ పరిచితమే. మనం దానిని తొగరు అంటాము. తొగరు అంటే ఎరుపు అనే అర్థం కూడ ఉన్నదంటే ఒకప్పుడు మన అద్దకంలో ఆ వేరుకు ఎంతటి స్థానముండేదో ఊహించవచ్చును.

ఆ ఎరుపు సులభంగా రాదు. నూలు చిలపలను ఆముదంలో, పేడలో, కట్టెల బూడిద నీటిలో మళ్లీ మళ్లీ నానబెట్టి, పిసికి, ఎండబెట్టాలి. నూలు రంగును పట్టుకొనే స్థితికి రావడానికే వారాలు గడుస్తాయి. ఆ తరువాతనే వేరు బెరడు పొడి వేసి ఉడికిస్తారు. కొంచెం అన్నభేది చేరిస్తే ఎరుపు కాఫీ గింజ రంగుకు, నలుపుకు దగ్గరగా తిరుగుతుంది. చెట్టు మూడు నాలుగేళ్లు పెరిగితేగాని వేరులో చాలినంత రంగు ఊరదు. బాగా ముదిరిన లావు వేళ్లలో మళ్లీ రంగు తక్కువ. అంటే ఒక గలీబు రంగును నిపుణులు రెండేళ్ల ముందు ఊహించే సమయానికి, దానికి కావలసిన చెట్టు అప్పటికే మొలిచి ఉండాలి.

అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. చీరలు కొనే గిరిజనులు తగ్గి, పరదాలు, బల్లగుడ్డలు కొనే నగరవాసులు ఈ మగ్గాలకు కొత్త ఖాతాదారులైనారు. నగరపు వర్తకుడు వర్ణపత్రంలోని అంకె చూపించి, వంద గలీబులూ ఆ ఒక్క ఛాయలోనే కావాలంటాడు. వేరు వయస్సును బట్టి, ఎండను బట్టి, నీటిని బట్టి విడత విడతకూ మారే రంగుకు అంకె ఎక్కడిది? ఆ తేడాను లోపమని తిప్పి పంపితే, మరుసటి విడతకు నేతగాడు రసాయనపు రంగు నూలు కొనుక్కొంటాడు. అతనిని తప్పు పట్టలేము.

రసాయనాల దెబ్బ తొగరుకు కొత్త కాదు. 1868లో ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు, గ్రేబే, లీబర్మన్, మంజిష్ఠ వేరులోని ఎరుపును తారు నుంచి లభించే పదార్థంతో కృత్రిమంగా తయారు చేశారు. ఆ చౌక ఎరుపు రాకతో బుందేల్‌ఖండ్ మొదలైన చోట్ల పొలాల్లో వేసే ఆల్ పంట క్రమంగా మాయమైనది. బస్తరు, కొరాపుట్ మూలలో మిగిలింది. కోట్‌పాడ్ వస్త్రానికి 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి నేతగాడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. గౌరవాలు వచ్చినంత మాత్రాన వేరు దొరకదనుకోండి.

బస్తరులోనే ఇనుప దీపస్తంభాలు, ఢోక్రా బొమ్మలు చేసేవారికి ఈ బాధ లేదు. నలుపూ, ఇత్తడి పసుపూ ఏ గది రంగుకైనా ఇమిడిపోతాయి.

2016కు పాంటోన్ మార్సాలాను వదలి, లేత గులాబీని, లేత నీలాన్ని ఎన్నుకొన్నది. ఎరుపు పాతబడడానికి ఒక్క ఏడాది చాలింది. ఆ ఏడాది నాటిన తొగరు మొక్క అప్పటికింకా వేరు పట్టి ఉండదు. 2026కు ప్రకటించిన వర్ణం ‘క్లౌడ్ డాన్సర్’, అనగా మేఘపు తెలుపు. రంగు వేయని బస్తరు నూలు కూడ ఇంచుమించు అదే. మగ్గానికి దానివల్ల పని దొరకవచ్చు. ఆముదపు చేతులతో చిలపలు పిసికే స్త్రీలకు మాత్రం దొరకదు.